కలువ తొట్టికి కయ్య మట్టే కావాలి

సంపాదకులకు,

నమస్కారములు. తమ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల పెరటి కొలనుల గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. ఇంటి ముందు కాస్త చోటుంటే చాలు, ఒక నీటితొట్టి కట్టించుకుని కలువలు పెంచుకోవాలన్న ముచ్చట మా నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో ఈమధ్య బాగా పెరిగింది కనుక ఆ వ్యాసం సమయానికే వచ్చిందని చెప్పాలి. తొట్టి కొలతల గురించి, ఎండ గురించి, దోమలు ముసరకుండా వదలవలసిన చేపల గురించి అందులో చెప్పిన మాటలతో నాకు పేచీ లేదు. అయితే కలువ దుంపను నాటే కుండీని కొబ్బరిపొట్టు ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, కొంత పెర్లైట్, మిగిలినది తోటమట్టి కలిపి నింపాలని రాసిన ఒక్క పేరా మాత్రం నమ్మి ఆచరించినవారికి నష్టం చేస్తుంది. ఆ నష్టాన్ని స్వయంగా చవిచూసినవాణ్ణి, పైగా ముప్పై ఏళ్లకు మించి వ్యవసాయ శాఖలో పనిచేస్తూ వరి కయ్యల గట్ల మీద తిరిగినవాణ్ణి కాబట్టి, ఉత్తరం కొంచెం పొడుగైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఉద్యోగ విరమణ తరువాత కావలిలో మా ఇంటి వెనక ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతున ఒక సిమెంటు తొట్టి కట్టించాను. కొత్త సిమెంటు నుంచి సున్నం ఊరి నీటిని చేదెక్కిస్తుందని తెలుసు కనుక రెండు వారాల పాటు నీళ్లు నింపుతూ, తీసేస్తూ వచ్చాను. అంతవరకు బుద్ధిగానే నడిచింది. వరికి ఏ నేల మంచిదో వందలమంది రైతులకు చెప్పిన నేను, కలువ దగ్గరికి వచ్చేసరికి ఆ చదువంతా పక్కనబెట్టి, ఒక నర్సరీలో అమ్మే సిద్ధపు మట్టి మిశ్రమం రెండు సంచులు కొనుక్కొచ్చాను. అన్ని రకాల కుండీలకూ పనికొస్తుందని సంచి మీద అచ్చువేసి ఉంది మరి. నీళ్లలో ముంచే కుండీ కూడా కుండీయే కదా అనుకున్నాను.

మరునాటి ఉదయానికే కొబ్బరిపొట్టు నీటి మీద చాప పరచినట్టు తేలింది. తెల్లటి పెర్లైట్ పూసలు బొరుగుల్లాగా పైకొచ్చి, గాలి ఎటు వీస్తే ఆ మూలకు చేరుకున్నాయి. పట్టు తప్పిన దుంప పైకి లేచి పక్కకు ఒరిగింది. దాన్ని మళ్లీ అదిమి, మీద రాళ్లు పెట్టి నిలబెట్టాను గాని, వారం తిరిగేసరికి నీరు పలచటి డికాషన్ రంగుకు వచ్చింది, నెల తిరిగేసరికి కుండీని కాస్త కదిపితే చాలు బుడగలు లేచి కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టడం మొదలైంది. మా ఇంటావిడ వంటగది కిటికీ మూసేసింది. దుంపను బయటికి తీసి చూస్తే వేళ్లు నల్లబడి, పట్టుకుంటే చేతికి ఊడివస్తున్నాయి. అప్పటికి వదిలిన చేపల్లో రెండు తేలిపోయాయి.

కోవూరు దగ్గర మాగాణి సేద్యం చేసే పాత పరిచయస్థుడొకరు ఆ రోజుల్లోనే ఇంటికి వచ్చి ఈ వైభవం చూశారు. "ఏంది సార్, దమ్ము చేసేటప్పుడు కయ్యలో ఎవరన్నా కొబ్బరిపొట్టు పోస్తారా? మా గట్టు పక్కన మట్టి ఉంది, రెండు బస్తాలు ఎత్తుకెళ్లండి" అని నవ్వారు. నాకు సిగ్గేసింది. ఆ రెండు బస్తాల మట్టిలో నాటిన కలువలే నేటికీ మా తొట్టిలో ఉన్నాయి; వాటి పిలకలు ఇప్పటికి నాలుగైదు ఇళ్లకు చేరాయి.

ఆయన నవ్వులోనే అసలు విషయమంతా ఉంది. నేల మీద ఉండే కుండీకి, నీటి అడుగున ఉండే కుండీకి పోలిక పేరులోనే గాని పనిలో లేదు. మల్లెకో గులాబీకో మనం మట్టిని గుల్లచేసేది నీరు కిందికి దిగిపోవాలని, ఆ దిగిపోయిన సందుల్లోకి గాలి రావాలని. కొబ్బరిపొట్టు, పెర్లైట్, వర్మిక్యులైట్ పుట్టింది ఆ పని కోసమే. పెర్లైట్ అగ్నిపర్వతపు గాజురాయిని కాల్చి పేలాలు చేసినది. వర్మిక్యులైట్ మన గూడూరు వైపు గనుల్లో దొరికే అభ్రకానికి దగ్గరి చుట్టం, దాన్నీ కాల్చి పొరలు పొంగిస్తారు. లోపలంతా గాలి నింపుకున్న వస్తువును నీటిలో ముంచితే తేలక ఏం చేస్తుంది? నీట మునిగిన మట్టిలో నీరు దిగిపోవడమనే మాటే లేదు, గాలికి సందు అనే మాటే లేదు. ప్రాణవాయువు గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో వ్యాపించే వేగం సుమారు పదివేల వంతు మాత్రమే కనుక, మట్టి మునిగిన తరువాత అందులో మిగిలిన కాస్త ప్రాణవాయువును సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లోనే తాగేస్తాయి. అది మొదలు ఆ కుండీ ఒక చిన్న వరి కయ్యతో సమానం.

మరి వేళ్లు ఎలా బతుకుతాయని అడగవచ్చు. కలువ తన గాలిని తానే తెచ్చుకుంటుంది. కలువ కాడను అడ్డంగా కోసి చూస్తే లోపల గొట్టాలవంటి ఖాళీలు కంటికి కనిపిస్తాయి. నీటిపై పరుచుకున్న ఆకు పైభాగాన ఉన్న రంధ్రాల గుండా గాలి లోపలికి చేరి, ఆ గొట్టాల వెంట దుంప దాకా దిగుతుంది. కలువ కుటుంబానికే చెందిన పసుపుపూల నీటిమొక్క మీద జరిగిన పరిశోధన ఒకటి 1980లో అమెరికాలో వెలువడింది: ఎండకు వేడెక్కిన లేత ఆకులు గాలిని లోపలికి తోస్తే అది దుంపను తాకి ముదురు ఆకుల గుండా బయటికి పోతుందని అందులో తేలింది. అంతటి ఏర్పాటు ఉన్న మొక్కకు మట్టిని గుల్లచేసి పెట్టడమంటే చేపకు గొడుగు పట్టడమే. మట్టి నుంచి కలువ కోరేది రెండే: దుంపను కదలకుండా పట్టి ఉంచే బరువు, వేసిన పోషకాన్ని నీటిలోకి వదిలేయకుండా దాచుకునే గుణం. ఆ రెండూ బంకమట్టిలో ఉన్నాయి, సంచి మిశ్రమంలో లేవు.

రెండో గుణం గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తొట్టి నీరు పచ్చబడడానికీ తేటగా ఉండడానికీ తేడా అక్కడే ఉంది. బంకమట్టి రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. అమ్మోనియం, పొటాషియం, కాల్షియం వంటి ధనావేశం గల పోషకాలను అవి అంటిపెట్టుకుని, వేరు అడిగినప్పుడు కొద్దికొద్దిగా విడుస్తాయి. గాలి లేని అడుసులో నత్రజని నైట్రేటుగా మారకుండా అమ్మోనియం రూపంలోనే నిలుస్తుంది కనుక బంక దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వరిలో యూరియాను నీటి మీద చల్లడం కంటే మట్టి ఉండల్లో పెట్టి అడుసు లోతుకు నొక్కడం మేలని ఒకప్పుడు మేం రైతులకు చెప్పినది ఈ సూత్రం మీదనే. ఉత్త ఇసుకకు ఈ పట్టు ఉండదు. దానిలో వేసిన ఎరువు మరునాటికి నీటిలో ఉంటుంది, ఆ మరునాటికి నాచు నోట్లో ఉంటుంది.

ఇక వర్మీకంపోస్టు, చివికిన పశువుల ఎరువు సంగతి. నేల మీది పంటలకు అవి ఎంత మేలో నేనెన్నో సభల్లో చెప్పాను, ఇప్పుడూ చెబుతాను. నీటి అడుగున మాత్రం అదే ఎరువు గాలి లేకుండా కుళ్లుతుంది. ఆ కుళ్లులో మొదట మట్టిలోని ఇనుము రూపం మారి నేల బూడిదరంగుకు తిరుగుతుంది, తరువాత గంధకం నుంచి కోడిగుడ్డు వాసన వచ్చే విషవాయువు పుడుతుంది, చివరకు మీథేన్ బుడగలు లేస్తాయి. సేంద్రియ పదార్థం ఎంత ఎక్కువ ఉంటే ఈ మెట్లన్నీ అంత వేగంగా దిగిపోతాము. కుండీ అడుగున చివికిన పేడ ఎరువు ఒక పొర వేసి దాని మీద జానెడు మందాన బంకమట్టి కప్పి తామరలు పెంచేవాళ్లు ఉన్నారని, వాళ్లకు పూలు బాగానే వస్తున్నాయని నాకు తెలుసు. పెద్ద కొలనులో, నీరు ఎక్కువగా ఉన్నచోట అది చెల్లుతుందేమో గాని, మన పెరటి తొట్టిలో, అందునా రోహిణి కార్తె ఎండల్లో చెల్లదు. 20 డిగ్రీల వేడి వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలదు. నీరు 35 డిగ్రీలకు చేరితే అది 7కు పడిపోతుంది. సరిగ్గా అప్పుడే కుళ్లు వేగమందుకుని ఆ ఉన్నదాన్నీ తినేస్తుంది. నా చేపలు పోయింది వైశాఖంలోనే.

ఇప్పుడు మన నేలల దగ్గరికి వస్తాను. సంచిమట్టి కొనే అవసరం దేశంలో ఎవరికైనా ఉంటే ఉండవచ్చు గాని, నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి లేదు. పెన్న కాలువల కింద కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు మాగాణుల్లో ఏళ్ల తరబడి దమ్ము చేయగా చేయగా వెన్నలా మెదిగిన బరువు మట్టి ఉంది. ఒంగోలు, టంగుటూరు చుట్టుపక్కల నల్లరేగడి ఉంది. పొగాకు బోర్డు వారు సైతం మన ప్రాంతాన్ని దక్షిణ నల్ల నేలలు, దక్షిణ తేలిక నేలలు అని రెండుగా చూస్తారు. ఒంగోలు వైపు పొగాకు మొదటి దానిలోకి, కందుకూరు, పొదిలి, కనిగిరి వైపుది రెండవ దానిలోకి వస్తాయి. కలువ రైతు కూడా ఈ విభజనే గుర్తుపెట్టుకోవచ్చు, పొగాకు మాట ఎలా ఉన్నా.

నల్లరేగడిలోని బంక పోషకాలను పట్టి ఉంచడంలో ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండే బంక కంటే ఎన్నో రెట్లు మేలైనది. దాని చిక్కల్లా ఉబ్బడంలో ఉంది. ఎండిన రేగడిని కుండీ అంచు దాకా నింపి నీటిలో దించితే రాత్రికి రాత్రే ఉబ్బి దుంపను బయటికి నెట్టేస్తుంది. ఈ పాఠం కూడా చేసి నేర్చుకున్నదే. ముందురోజే తడిపి, చపాతీ పిండిలా పిసికి, ఉబ్బవలసినంత ఉబ్బిన తరువాత నింపాలి, అదీ కుండీకి ముప్పాతిక వంతే. రేగడిలో తగిలే తెల్లటి సున్నపు గుళ్లను ఏరిపారేయడం మంచిది, అవి నీటి క్షారగుణాన్ని పెంచుతాయి. ఉత్త రేగడి మరీ జిగురై, రెండేళ్ల తరువాత దుంపను విడదీసేటప్పుడు గునపంతో పని పడుతుంది కాబట్టి, రెండు పాళ్ల రేగడికి ఒక పాలు ఉదయగిరి, కనిగిరి వైపు దొరికే ఎర్ర గరపమట్టి (ఇసుకపాలు ఉన్న మట్టి) కలపడం నాకు అలవాటు. ఈ పాళ్లు ఏ పుస్తకంలోనూ చూసి చెప్పడం లేదు; చేతికి కుదిరిన కొలత. ఉత్త ఎర్రమట్టి మాత్రమే దొరికినవారు నిరాశపడనవసరం లేదు, రాళ్లు జల్లించి వాడుకోవచ్చు. పోషకం కాస్త తరచుగా పెట్టవలసి వస్తుంది, అంతే. మునిగిన ఎర్రమట్టి కొన్నాళ్లకు లోపల బూడిదరంగుకు తిరిగితే మట్టి చెడిపోయిందని కంగారుపడకండి, అది ఇనుము చేసే పని.

తీరం వెంట ఉన్నవారికి మాత్రం హెచ్చరిక అవసరం. మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం వైపు ఇసుక నేలల్లో దొరువు తవ్వి నీళ్లు తోడుకున్న పాతకాలం వారికి అక్కడ ఏ అడుగున తీపి, ఏ అడుగున ఉప్పు అన్నది తెలుసు. కొత్తగా ఇల్లు కట్టుకున్నవారికి తెలియదు. సముద్రపు ఇసుకలో ఉప్పుతో పాటు గవ్వల పొడి ఉంటుంది. ఉప్పు కొఠార్ల పక్కది, రొయ్యల గుంటల నుంచి ఎత్తి గట్టున పోసిన బురద చూడడానికి నల్లగా, మెత్తగా, జిగురుగా, కలువ కోసమే పుట్టినట్టు ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. ఉప్పునీటి గుంటలో తిని వదిలిన మేత, రొయ్యల మలం, ఉప్పు కలిసిన ఆ బురద మంచినీటి కలువను నెలలో చంపుతుంది. వేసవిలో మట్టి పైన తెల్లటి పొర పేరుకుంటే అది పాలచౌడు అని మన రైతులు చూపుతోనే చెబుతారు. కారుచౌడు చూపుకు అంత తేలికగా దొరకదు; దానిలోని సోడియం బంకరేణువులను ఒకదానికొకటి అంటనీయదు కాబట్టి, ఆ మట్టి పెట్టిన తొట్టిలో నీరు ఎన్నాళ్లకూ తేరుకోదు, పాలు కలిపినట్టే ఉంటుంది. భూసార పరీక్ష చేయించుకున్న పొలం మట్టి అయితే కార్డు ఒకసారి చూడండి: లవణ పరిమాణం (ఈసీ) ఒకటి లోపు, ఉదజని సూచిక (పీహెచ్) ఎనిమిదిన్నర లోపు ఉంటే నిశ్చింతగా తెచ్చుకోవచ్చు.

చెరువు మట్టి గురించి చాలామంది అడుగుతారు. చెరువులో పుట్టే పువ్వుకు చెరువు మట్టి కాక మరేం కావాలన్నది న్యాయమైన ప్రశ్నే, కలువాయి, అల్లీపురం వంటి ఊరిపేర్లున్న పాత నెల్లూరు జిల్లాలో మరీను. ఎండిన చెరువులో నెర్రెలు విచ్చిన పూడికమట్టి నిజంగానే మంచిది, ఒండ్రు, బంక తగు పాళ్లలో ఉంటాయి. నీరున్న చెరువు అంచున చేతితో తోడిన నల్లబురద మాత్రం వేరే వస్తువు. అది సగం కుళ్లిన ఆకు, అలం. పైగా చెరువు మట్టితో పాటు పిలవని చుట్టాలు వస్తాయి. తుంగ గడ్డలు, నత్త గుడ్లు వస్తే ఏరుకోవచ్చు. గుర్రపుడెక్క విత్తనాలు వస్తే, అవి మట్టిలో ఏళ్లకు ఏళ్లు బతికి ఉండి ఎప్పుడో ఒకనాడు మొలకెత్తుతాయి. అందుకని చెరువు మట్టిని ఏప్రిల్, మే నెలల్లో తెచ్చి, తడిపి, పలచగా పరచి, పాలిథిన్ పట్టా కప్పి నాలుగు వారాలు ఎండలో మగ్గనిచ్చి వాడుతుంటాను.

కయ్య మట్టికి ఉన్న ఒకే ఒక ప్రమాదం కలుపు మందు. వరిలో వాడే 2,4-డి వెడల్పాకు కలుపును చంపే మందు, గుర్రపుడెక్క మీద కూడా దాన్నే కొడతారు. కలువ కూడా దాని లెక్కలో వెడల్పాకు మొక్కే. నాట్లప్పుడు వేసే బ్యుటాక్లోర్, ప్రెటిలాక్లోర్ వంటివి మొలకలను అణచడానికి పుట్టినవి. కాబట్టి పైరు ఉన్న కయ్య జోలికి పోకుండా, కోత అయి, ఎడగారు (రెండో కారు వరి) పెట్టకుండా ఎండబెట్టిన కయ్య నుంచి, అడిగి తెచ్చుకోవాలి. కుమ్మరి మట్టి దొరికేవారు అది ఒక్కటే వాడకుండా సగం ఎర్రమట్టి కలుపుకోవాలి.

మట్టి చేతికి వచ్చాక రెండు చిన్న పరీక్షలు చాలు. తడిమట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలాగా సాగదీయండి. అంగుళానికి ముందే తెగితే ఇసుక ఎక్కువ, రెండు అంగుళాల దాకా సాగితే మనకు కావలసినదే, అది దాటి ఇంకా సాగితే కొంచెం గరప కలపాలి. రెండవది సీసా పరీక్ష. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నిండా నీళ్లు పోసి, బాగా కుదిపి కదలకుండా పెడితే నిమిషంలో ఇసుక, రెండు గంటల్లో ఒండ్రు, ఒకటి రెండు రోజుల్లో బంక పేరుకుని పొరలు విడివిడిగా కనిపిస్తాయి. పైన తేలిన చెత్త ఎంతో అదే మీ తొట్టిలో కుళ్లబోయేది. మూడోనాటికి కూడా నీరు తేరుకోకపోతే నేను పైన చెప్పిన కారుచౌడు అనుకోండి. వేరే చోట వెతకండి.

నాటడం గురించి ఆ వ్యాసంలో బాగానే ఉంది కనుక వదిలేస్తాను, ఒక్క మాట తప్ప. నర్సరీల్లో అమ్మే కలువల్లో రెండు తెగలున్నాయి. శీతల దేశాల సంకరాల దుంప పసుపుకొమ్ములా అడ్డంగా పెరుగుతుంది, దాన్ని కుండీ అంచుకు చేర్చి ఏటవాలుగా నాటాలి. 1875లో ఫ్రాన్సులో స్థాపించిన లాటూర్ మార్లియాక్ నర్సరీ సృష్టించిన సంకరాలే ఈ రంగురంగుల తెగకు మూలం, చిత్రకారుడు మోనే తన కొలనుకు కలువలు తెప్పించుకున్నది అక్కడి నుంచే. మన నల్లకలువ, ఎర్రకలువ ఉష్ణదేశపు తెగ. గుండ్రటి గడ్డను కుండీ నడిమధ్య నాటాలి. ఏ తెగకైనా లోతుకన్నా వెడల్పు ముఖ్యం. అడుగు లోతు, అడుగున్నర వెడల్పు ఉన్న ప్లాస్టిక్ టబ్బు సరిపోతుంది. చిగురు మాత్రం మట్టిపైనే ఉండాలి.

నాటిన తరువాత మట్టి మీద అర అంగుళం మందాన ఇసుకో చిన్న రాళ్లో పరిస్తే చేపలు కుళ్లగించవు, నీరు కలకబారదు. ఇందుకు కూడా మన దగ్గర దొరకని సరుకు లేదు. చిల్లకూరు, కోట వైపు దొరికే గాజు ఇసుక గాని, చీమకుర్తి గ్రానైట్ చిప్స్ గాని నీటి గుణాన్ని మార్చవు. గ్రానైట్ చిప్స్‌కు అంటిన క్వారీ పొడి పోయేదాకా నాలుగైదుసార్లు కడగాలి. సున్నపురాయి ముక్కలు మాత్రం వద్దు. తరువాత కుండీని పూర్తిగా తడిపి, ఒక పక్కకు వంచి నెమ్మదిగా నీటిలోకి దించితే లోపలి గాలి బుడగలుగా పోతుంది. నిటారుగా ఒక్కసారి దించితే ఆ బుడగలే మట్టిని పెళ్లగిస్తాయి.

ఎరువు వేయవద్దంటున్నారు, మరి పూలెలా వస్తాయని వ్యాసకర్త అడగవచ్చు. కలువ తిండిపోతు మొక్కే, సందేహం లేదు. కాకపోతే దానికి మట్టితో కలిపి వడ్డించకుండా, మట్టిలో దాచిపెట్టి తినిపించాలి. పంట పొలం మట్టిలో రైతు వేసిన ఎరువు ఎంతో కొంత మిగిలే ఉంటుంది, మునిగిన మట్టిలో ఇనుము పట్టి ఉంచిన భాస్వరం కూడా విడుదలవుతుంది కనుక, మొదటి నెల, నెలన్నర ఏమీ వేయనవసరం లేదు. తరువాత నెలకొకసారి చిన్న చెంచాడుకు మించకుండా డీఏపీ తీసుకుని, బంకమట్టి ఉండ మధ్యలో పెట్టి మూసి, కాస్త ఆరనిచ్చి, చిగురుకు జానెడు ఎడంగా అరచేయి లోతుకు నొక్కాలి. ఉండ చేసే తీరిక లేనివారు పాత పత్రిక ముక్కలో పొట్లం కట్టి నొక్కినా సరిపోతుంది. మా ఇంట్లో తమ పత్రిక చదివిన మరునాడు ఈ విధంగా కూడా ఉపయోగపడుతోందని సవినయంగా మనవి. నీటిలో ఎరువు చల్లడం, యూరియా వాడడం చేపలున్న తొట్టిలో అసలు చేయకూడదు. అమ్మోనియా చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. చలికాలంలో మోతాదు సగానికి తగ్గించవచ్చు.

కాబట్టి వచ్చే ఆదివారం అనుబంధంలో ఆ ఒక్క పేరాకు సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. నర్సరీల వారికీ ఒక విన్నపం. కలువ మొక్కతో పాటు సంచి మిశ్రమం అంటగట్టకుండా, జల్లించి ఎండబెట్టిన కయ్య మట్టి పదేసి కిలోలు సంచుల్లో కట్టి అమ్మితే కొనేవారు లేకపోరు. పొలంతో చుట్టరికం తెగిపోయిన పట్టణవాసికి రెండు బస్తాల మట్టి ఎక్కడ తెచ్చుకోవాలో కూడా తెలియని రోజులివి, ఆ మాటకు డబ్బు పుచ్చుకున్నా తప్పులేదు. తెలిసిన రైతులు ఉన్నవారు మాత్రం గట్టు జోలికి పోకుండా, కయ్య మధ్య నుంచి, పైనున్న దుబ్బులు గీకేసి జానెడు లోతులోపు మట్టిని ఆ రైతును అడిగి తీసుకోండి. గట్టు తెగితే ఆయనకు మడవ కట్టుకునే పని పడుతుంది. సోమశిల జలాశయం నీళ్లు కాలువలకు వదలకముందు, నేల ఆరి పార తేలికగా దిగే ఈ రోజులే అందుకు అనువైనవి.

ఇట్లు,
తమ పాఠకుడు,
విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి,
కావలి, నెల్లూరు జిల్లా.